‘నేను’ అనే మాట మీద వ్యాసం: ‘ఆంథెమ్’ స్కాలర్‌షిప్ పోటీకి సమగ్ర మార్గదర్శి

అమెరికన్ రచయిత్రి ఐన్ ర్యాండ్ రాసిన ‘ఆంథెమ్’ చిన్న నవల, అచ్చులో వంద పేజీలు అటూ ఇటూ. కథ చెప్పే కుర్రాడి వయసు 21. పేరు ఈక్వాలిటీ 7-2521. తనొక్కడి గురించి చెప్పుకుంటున్నప్పుడు కూడా అతను ‘మేము’ అనే అంటాడు, ఎందుకంటే అతను పుట్టిన సమాజంలో ‘నేను’ అనే మాట లేకుండా చేశారు. ఆ మాట ఎవరికైనా దొరికి, పైకి పలికితే మరణశిక్ష. పన్నెండు అధ్యాయాల పుస్తకంలో పదకొండో అధ్యాయానికి గానీ అది వినపడదు.

ఈ నవల మీద అమెరికాలోని ఐన్ ర్యాండ్ ఇన్‌స్టిట్యూట్ చాలా ఏళ్లుగా విద్యార్థులకు ఇంగ్లిష్‌లో వ్యాసరచన పోటీ పెడుతోంది. ప్రవేశ రుసుము లేదు. ఏ దేశంలో చదువుతున్నవాళ్లయినా రాయొచ్చు కాబట్టి డాలస్‌లో పదో తరగతి పిల్లకూ, హనుమకొండలో ఇంటర్ కుర్రాడికీ ఒకే తలుపు. ఆవిడ పెద్ద నవలలు ‘ఫౌంటెన్‌హెడ్’ (1943), ‘అట్లాస్ ష్రగ్డ్’ (1957) మీద కూడా ఇలాంటి పోటీలున్నాయి. చివరిదానికి కాలేజీ, పీజీ విద్యార్థులు కూడా రాస్తారు. ఇక్కడ చెప్పేది ‘ఆంథెమ్’ గురించి. వాదం కట్టే పద్ధతి మాత్రం మూడింటికీ పనికొస్తుంది.

మొత్తం పనికి నాలుగు వారాలు పెట్టుకోండి. చదవడానికి ఒకటి, వాదం తేల్చుకోవడానికి ఒకటి, రాయడానికి ఒకటి, దిద్దడానికి ఒకటి. పరీక్షల రోజులైతే ఆరు వారాలు. చివరి వారాంతంలో కూర్చుని ఒక్క బిగిన రాసేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు: అందరికీ మొదట తోచే మూడు మాటలే మీకూ తోస్తాయి.

నియమాల పేజీని పాఠంలా చదవండి

‘ఆంథెమ్’ వ్యాసానికి చాలా ఏళ్లు 600 నుంచి 1,200 పదాల పరిమితి ఉండేది. పెద్ద నవలలకు 800 నుంచి 1,600. ఈ అంకెలు, గడువులు, ఏ తరగతి వాళ్లు అర్హులన్నది, బహుమతి మొత్తాలు ఏడాదికేడాది మారుతూ వచ్చాయి. స్కాలర్‌షిప్ జాబితాల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో తిరిగేవి తరచుగా పాత ఏడాదివి. సంస్థ సొంత పేజీలో ఈ ఏటి నియమాలు తెరిచి, ఒక కాగితం మీద మీ చేత్తో రాసుకోండి: గడువు ఏ కాలమానంలో, పదాల కనిష్ఠం గరిష్ఠం, తరగతి, ఇచ్చిన ప్రశ్నలు, ఫైలు పంపాలా పెట్టెలో అతికించాలా, వ్యాసంలో మీ పేరు ఉండొచ్చా, మైనర్లకు తల్లిదండ్రుల అనుమతి కావాలా.

గడువు పసిఫిక్ కాలమానంలో రాత్రి 11:59 అని ఉంటే, అమెరికాలో వేసవి గడియారం నడిచే నెలల్లో అది మనకు మర్నాడు మధ్యాహ్నం 12:29. చలికాలంలో 1:29. అయినా రెండు రోజుల ముందే పంపాలని పెట్టుకోండి. ఆఖరి గంటలో కరెంటు పోతే నియమాలకు ఆ సంగతి తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది మూల్యాంకనం గురించిన పేరా. సంస్థ అభిప్రాయంతో విద్యార్థి ఏకీభవించాడా లేదా అన్నది కొలమానం కాదనీ, తన అభిప్రాయాన్ని వాదించి నిలబెట్టగలిగాడా అన్నదే చూస్తామనీ ఈ పోటీల నియమాలు చెబుతూ వచ్చాయి. దానితోపాటు స్పష్టమైన రాత, తర్కబద్ధమైన క్రమం, నవల తాత్విక అర్థం మీద గట్టి పట్టు. ఈ చివరి మాటను రెండుసార్లు చదవండి. ర్యాండ్‌ను పొగడక్కర్లేదు. కానీ ఆవిడ ఏం అంటోందో తప్పుగా పట్టుకుంటే, దాని మీద ఎంత బాగా వాదించినా ఆ వ్యాసం నిలవదు.

పుస్తకం మూడుసార్లు

ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఈ నవల ఉచితంగా దొరుకుతుంది. ఒక చిక్కుంది: ఇది మొదట 1938లో బ్రిటన్‌లో అచ్చయింది. 1946లో అమెరికాలో వచ్చిన ప్రతికి రచయిత్రి వాక్యం వాక్యం దిద్దింది. అందుకని రెండు ప్రతుల నుంచి మాటలు కలిపి ఎత్తి రాయకండి. ఒకటి ఎంచుకుని చివరిదాకా దానితోనే ఉండండి. పేజీ సంఖ్యలు ముద్రణను బట్టి మారతాయి. అధ్యాయం సంఖ్య మారదు, అదే ఇవ్వండి.

మొదటిసారి ఆపకుండా చదవండి, రెండు మూడు గంటల పని. పెన్ను ముట్టుకోవద్దు. రెండోసారి అధ్యాయానికి ఒక కార్డు చొప్పున పన్నెండు కార్డులు రాయండి. ఒక్కో కార్డు మీద మూడే సంగతులు: ఏం జరిగింది, ఎవరు ఏ కారణం చెప్పారు, ఆ కారణాన్ని మీరు నమ్మారా. మూడో ప్రశ్నే మీ వ్యాసానికి విత్తనం. ఉదాహరణకు ఆరో అధ్యాయం కార్డు. అతన్ని కొట్టి శిక్షాగృహంలో పడేస్తారు. తప్పించుకోవాలనుకున్న రోజున తలుపు తోస్తే ఊడిపోతుంది. తాళాలు పాతవి, కాపలావాళ్లు లేరు. ఎందుకు లేరు? ఆ ఊళ్లో ఎవరూ పారిపోవాలని అనుకోలేదు గనక. ఈ ఒక్క దృశ్యం మీద ఒక పూర్తి వ్యాసం నిలబడుతుంది: ఆ రాజ్యాన్ని మోస్తున్నది బలప్రయోగం ఎంత, జనం తలల్లో దిగిపోయిన మాటలు ఎంత?

మూడోసారి చదివేటప్పుడు పని వేరు. అది తెలుగు వచ్చినవాళ్లకు ఎక్కువ కలిసొస్తుంది.

‘మేము’, ‘మనం’: మన భాష చేతికిచ్చే పనిముట్టు

ఇంగ్లిష్‌లో ‘వి’ ఒక్కటే. తెలుగులో దానికి రెండు మాటలు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే ‘మనం’, బయట ఉంచితే ‘మేము’. మూడు రంగుల పెన్సిళ్లు తీసుకుని మొదటి, రెండో, ఏడో, తొమ్మిదో అధ్యాయాల్లో ప్రతి ‘వి’ కిందా గీత గీయండి. అర్థం అతనొక్కడే అయితే ఎరుపు, ఇద్దరైతే నీలం, సమాజమంతా అయితే ఆకుపచ్చ.

మొదటి అధ్యాయంలో ఇంటర్నేషనల్ 4-8818 అనే స్నేహితుడి గురించి చెప్పే చోట ఆగి చూడండి. ఎవరినైనా మిగతావాళ్లకన్నా ఎక్కువగా ఇష్టపడటం ఆ ఊళ్లో నేరం, కాబట్టి తామెప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదంటాడు. ఆ వాక్యంలో స్నేహితుడి పేరు చెప్పి, పక్కన ‘వి’ అంటాడు. అక్కడ ఆ ‘వి’ ఒక్కడే. ఆ వెంటనే ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నప్పటి సంగతి చెబుతూ మళ్లీ ‘వి’ అంటాడు. ఇప్పుడు అది ఇద్దరు. అదే అధ్యాయంలో పిల్లలు పడుకోబోయే ముందు వల్లించే పాఠంలో అదే మాట ఊరంతటినీ మింగేస్తుంది. మాట ఒకటే, లోపల ముగ్గురు వేరు వేరు మనుషులు. ఎరుపు గీతలు పెరుగుతున్న చోట్లు చూస్తే, ‘నేను’ అనే మాట దొరక్కముందే అతనిలో ‘నేను’ పని చేస్తోందని కనిపిస్తుంది. ఆ గమనింపు మీది. ఏ ఆన్‌లైన్ సారాంశంలోనూ దాన్ని వెతుక్కోనక్కర్లేదు.

ఇంకో సంగతి. మనం ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ అని విడిగా అనక్కర్లేదు. అది క్రియ చివర కూర్చునే ఉంటుంది. ఈ నవలలోని పాలకులు తెలుగు దేశంలో ఉంటే ఒక్క మాటను నిషేధించి ఊరుకోవడం కుదరదు, ప్రతి క్రియ చివరా కత్తిరించాల్సి వస్తుంది. తొమ్మిదో అధ్యాయంలో గోల్డెన్ వన్ అనే అమ్మాయి తన ప్రేమను చెప్పబోయి చెప్పలేక తడబడుతుంది. ‘మేము మిమ్మల్ని ప్రేమిస్తున్నాం’ అన్న వాక్యం ఆమెకు చాలదు. ఒక్కరే, ఒంటరిగా, ఒకే ఒక్కరు అంటూ చుట్టూ తిరుగుతుంది. ఆమెకు భావం ఉంది, దాన్ని మోసే మాట లేదు. భాషకూ ఆలోచనకూ ఉన్న సంబంధం మీద ప్రశ్న వస్తే ఈ దృశ్యాన్ని వదలొద్దు. ‘మేము–మనం’ తేడాను వ్యాసంలో రెండు వాక్యాల్లో వాడుకోవచ్చు కూడా. అంతకు మించితే భాషాశాస్త్ర వ్యాసమైపోతుంది.

‘అహం’ అని అనువదించుకుని చిక్కులో పడకండి

నవల చివరి మాట ‘ఈగో’. తను చేరుకున్న ఇంటి గుమ్మం మీద రాతిలో చెక్కుతానని అతను చెప్పే మాట అది. తెలుగు ఇళ్లలో ‘వాడికి ఈగో’ అంటే తిట్టు. ‘అహం’ అన్నా అంతే, అహంకారం గుర్తొస్తుంది. ఆ అర్థంతో చివరి అధ్యాయం చదివితే నవల మొత్తం తలకిందులవుతుంది: ఇంత కష్టపడి ఈ కుర్రాడు చివరికి పొగరుబోతు అయ్యాడా అనిపిస్తుంది. లాటిన్‌లో ‘ఈగో’ అంటే ‘నేను’, అంతే. సంస్కృతంలో ‘అహం’ అన్నా ‘నేను’, అంతే. రెండు మాటలూ వాడుకలో నడిచి నడిచి చెడ్డపేరు మోశాయి. ర్యాండ్ దాన్ని తుడిచి మొదటి అర్థంలో పెడుతోంది.

‘స్వార్థం’ ఇంకా జాగ్రత్తగా పట్టుకోవాల్సిన మాట. సొంత లాభం కొంత మానుకోవాలని బడిలో పాడుకుంటూ పెరిగిన మనకు, ఎవరి జీవితానికి వాళ్లే గమ్యం అనే ర్యాండ్ మాట మొదట ముల్లులా గుచ్చుకుంటుంది. గుచ్చుకోనివ్వండి, అది దాచాల్సిన సంగతి కాదు. కానీ ఆవిడ పక్కవాడిది లాక్కోమనడం లేదు. నీ కోసం నన్ను బలిపెట్టను, నా కోసం నిన్ను బలి అడగను అన్నది ఆవిడ వాదం. ఈ రెండు సగాల్లో ఒకటే రాస్తే నవల సరిగ్గా అర్థం కాలేదని తేలిపోతుంది.

ఇంకో అపార్థం: వ్యక్తివాదం అంటే ఒంటరితనం. ఇతను మనుషుల్ని వద్దనుకున్నవాడు కాదు. అతను పారిపోయిన అడవికి గోల్డెన్ వన్ వెతుక్కుంటూ వస్తే సంతోషిస్తాడు. చివర్లో స్నేహితుల్ని తెచ్చుకుంటానంటాడు. ఎవరితో ఉండాలో తానే ఎంచుకోవడం దగ్గర ఉంది తేడా.

ప్రశ్న ఎంచుకోవడం, వాదం కట్టడం

సాధారణంగా కొన్ని ప్రశ్నలిచ్చి ఒకటి ఎంచుకోమంటారు. తేలిగ్గా కనిపించేదాన్ని కాదు, పన్నెండు కార్డుల్లో కనీసం మూడింటిని వాడుకోగలిగేదాన్ని తీసుకోండి. ప్రశ్నలో ఎన్ని భాగాలున్నాయో అంకెలు వేయండి. ‘ఎందుకు’, ‘మీరు ఒప్పుకుంటారా’, ‘నవల నుంచి చూపండి’ అని మూడుంటే మూడింటికీ జవాబు ఉండాలి. రెండో భాగాన్ని మరిచిపోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

అభ్యాసం కోసం ఇలాంటి ప్రశ్న అనుకుందాం: వీధులూడ్చే పనిలో ఉన్న అతను కనిపెట్టిన విద్యుత్ దీపాన్ని పండితుల సభ ఎందుకు తిరస్కరించింది?

వ్యాసం మొత్తాన్ని మోసే వాక్యం ఒకటి కావాలి. ‘ఈ నవల వ్యక్తి స్వేచ్ఛ గొప్పదనాన్ని చాటుతుంది’ అన్నది ఆ వాక్యం కాదు. దాన్ని కాదనేవాళ్లు లేరు, కాబట్టి దాని మీద వాదించడానికీ ఏమీ లేదు. ‘పండితులు కొత్తదనానికి భయపడ్డారు’ కొంచెం నయం, కానీ పుస్తకం వెనక అట్ట మీద కూడా ఆ మాట రాయొచ్చు. ఇక ఇది చూడండి: ‘పండితుల సభ చెప్పిన కారణాలన్నీ తర్వాత వెతుక్కున్నవి. ఒక వీధులూడ్చేవాడు ఎవరి అనుమతీ లేకుండా ఒక నిజాన్ని తెలుసుకోగలిగాడు అనేదే వాళ్లు భరించలేకపోయింది.’ దీన్ని కాదనొచ్చు. కాదంటారని తెలిసినప్పుడే రుజువు చూపించే పని మొదలవుతుంది.

రుజువు కోసం ఏడో అధ్యాయాన్ని భూతద్దంతో చూడాలి. గాజుపెట్టెలో తీగ వెలగగానే పండితులు లేచి పరుగెత్తి గోడకు అతుక్కుంటారు. అది మొదటిది, భయం. తర్వాత తిట్లు: వీధులూడ్చే నీకెంత ధైర్యం అని. ఆ తర్వాత సూత్రం: అందరూ కలిసి చేయనిది మంచిది కాలేదని. దాని తర్వాత గానీ లెక్కలు రావు: దీపం వస్తే కొవ్వొత్తుల శాఖ కూలిపోతుందని, కొవ్వొత్తికి అన్ని సభల ఆమోదం రావడానికే యాభై ఏళ్లు పట్టిందని. ఆఖరికి, మనుషుల శ్రమ తగ్గడమే చెడ్డది అనేదాకా వెళతారు. ఈ వరుస గమనించండి. అది ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న ఆ గదిలో ఒక్కరి నోటా రాదు. పండితులని పేరున్నవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. కారణాలు మారుతూ పోవడం, ఆ ప్రశ్న రాకపోవడం: ఈ రెండే మీ వాదానికి ఎముకలు.

చాలా వ్యాసాలు ఈ సన్నివేశాన్ని ‘వాళ్లు అతని ఆవిష్కరణను ఒప్పుకోలేదు’ అని ఒక్క ముక్కలో దాటేస్తాయి. కథను తిరిగి చెప్పడానికీ వాదించడానికీ తేడా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మీ పేరాలో ప్రతి వాక్యం ముందూ ‘అప్పుడు’ అని పెట్టి చదవండి. అన్నింటికీ అతికితే అది కథ. ‘ఎందుకంటే’, ‘అయినా’, ‘అంటే’ అతికితే వాదం.

మీ మీద మీరే వకీలు పెట్టుకోండి

బలమైన వ్యాసంలో ఎదుటివాడి మాట కూడా బలంగా ఉంటుంది. ‘కొందరు సమాజం ముఖ్యమంటారు, అది తప్పు’ అని రెండు వాక్యాల్లో కొట్టిపారేస్తే ఆ పేరా లేకపోవడమే మేలు. అభ్యంతరాన్ని నవల లోపలి నుంచే తీయండి.

ఒకటి చెబుతాం. ఇతను అంతా తానే సాధించానంటాడు. కానీ అతను దొంగచాటుగా ప్రయోగాలు చేసిన సొరంగం ఎవరు తవ్వారు? పూర్వకాలం వాళ్లు. అందులోని తీగలు, గాజు ఎవరివి? వాళ్లవే. చివరికి ‘నేను’ అన్న మాట కూడా కొండమీది పాత ఇంట్లో ఎవరో రాసిపెట్టిన పుస్తకాల్లో దొరికింది. మరి ఇది ఒంటరి మనిషి విజయం ఎలా అవుతుంది? నిజాయితీగల ప్రశ్న ఇది, దీనికి 200 పదాలు ఇవ్వండి.

ర్యాండ్ పక్షాన జవాబు ఇలా ఉండొచ్చు: పూర్వులు వదిలిన వస్తువులు ఆ ఊరివాళ్లందరి కాళ్ల కిందా ఉన్నాయి, వాటిని జ్ఞానంగా మార్చింది ఒక్క తల. ఇంకొకరి నుంచి నేర్చుకోవడం వేరు, తీర్పును ఇంకొకరికి అప్పగించడం వేరు. లేదా మీరు అటుపక్కే నిలబడి, నవల ఈ అప్పును సరిగ్గా ఒప్పుకోలేదని వాదించొచ్చు. చివరి అధ్యాయంలో అతను మనిషి చరిత్రను, విడుదలల వరుసను తలుచుకునే చోటు తీసి, అది సరిపోతుందా లేదా అని తేల్చండి. ఏ పక్షమైనా సరే, జవాబు చివరికొచ్చేసరికి మీ మొదటి వాక్యం కాస్త పదునెక్కి ఉండాలి. మారకుండా అలాగే ఉంటే ఆ అభ్యంతరం మీకు తగలలేదని అర్థం.

పదాల లెక్క

గరిష్ఠం 1,200 అనుకుంటే ఇలా పంచండి: ఆరంభం 120, మూడు వాదన పేరాలు ఒక్కోటి 250, అభ్యంతరం–జవాబు 220, ముగింపు 80. మొత్తం 1,170. మిగిలిన ముప్ఫై దిద్దేటప్పుడు ఖర్చవుతాయి. మీ ప్రధాన వాక్యం ఆరంభం పేరాలో చివరికల్లా వచ్చేయాలి. నిఘంటువు నిర్వచనంతోనో, ‘సృష్టి మొదలైనప్పటి నుంచి మనిషి’ అనో మొదలుపెడితే ఆ 120 పదాలు వృథా.

ర్యాండ్ జీవిత చరిత్ర కూడా అంతే. ఆవిడ 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. విప్లవం తర్వాత వాళ్ల నాన్న మందుల దుకాణాన్ని ప్రభుత్వం లాక్కుంది. 1926లో అమెరికా వచ్చింది. నవలలో కోపం ఎక్కడి నుంచి వచ్చిందో దీంతో తెలుస్తుంది. ప్రశ్న అడిగితే ఒక వాక్యం రాయండి, అడక్కపోతే వదిలేయండి.

ఎత్తి రాసే మాటలు ఒక్కోటి ఎనిమిది పది పదాలు దాటొద్దు, వ్యాసం మొత్తానికి ఐదారు చాలు. ప్రతిదాని తర్వాతా అందులోని ఏ మాట మీకు ముఖ్యమో చెప్పే వాక్యం ఉండాలి. ఇతరుల వాక్యాలతో 300 పదాలు నింపితే మీ ఆలోచనకు చోటెక్కడ?

ఇది అడ్మిషన్ల కోసం రాసే స్వీయకథ కాదు. అమ్మానాన్నలు వలస వచ్చి పడ్డ కష్టం, మీరు ఇంజనీరింగ్ వద్దని ఎకనామిక్స్ ఎంచుకున్న రోజు: ఇవి కాలేజీ దరఖాస్తులో విలువైనవి, ఇక్కడ ప్రశ్న అడిగితే తప్ప దారి తప్పిస్తాయి. అడిగితే ఒక్క సంఘటన, అదీ నవలలోని ఒక దృశ్యానికి నేరుగా తగిలేది.

తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు

ఈ పుస్తకంతో ప్రత్యేకంగా వచ్చే తప్పు సర్వనామాలది. కథలో అతను ‘వి’ అంటాడు గనక, రాసేవాళ్లు ఒక వాక్యంలో ‘హి’, తర్వాత వాక్యంలో ‘దే’ అనేస్తారు. మీ గొంతులో ఎప్పుడూ ‘హి’ అనండి. ‘వి’ కొటేషన్ గుర్తుల్లోనే ఉండాలి. చివర్లో అతని పేరు ప్రొమీథియస్‌గా, ఆమె పేరు గేయాగా మారుతుంది. ఆ మార్పు గురించి మాట్లాడేటప్పుడు తప్ప ఒకే పేరు వాడండి.

కాలం రెండోది. నవలలో జరిగేదాన్ని వర్తమానంలో చెప్పడం ఇంగ్లిష్ సాహిత్య వ్యాసాల పద్ధతి. ఒక పేరాలో భూతం, ఒక పేరాలో వర్తమానం వద్దు.

మూడోది మన వాక్య నిర్మాణం. ‘వెళ్లి, చూసి, తెలుసుకుని, వచ్చి’ అని గొలుసు కట్టడం మనకు సహజం. ఇంగ్లిష్‌లో అదే గొలుసు కామాలతో సాగితే వాక్యం విరిగిపోతుంది. 30 పదాలు దాటిన ప్రతి వాక్యాన్నీ రెండు చేసి చూడండి. మన భాషలో ‘ఎ’, ‘ద’ లాంటి ఆర్టికల్స్ లేవు కాబట్టి చివరి దిద్దుబాటులో వాటి కోసమే ఒకసారి వెనక నుంచి ముందుకు, వాక్యం తర్వాత వాక్యం చదవండి. అలా చదివితే అర్థం లాక్కుపోదు, తప్పు కనిపిస్తుంది.

ఇంట్లోవాళ్ల సాయం ఎంతవరకు

వ్యాసం పూర్తిగా విద్యార్థి సొంత రాత అయి ఉండాలన్నది నియమం. కాపీ అని తేలితే అనర్హత. నాన్న వాక్యాలు ‘బాగు’ చేయడం కూడా సొంత రాతను చెరిపేయడమే. అమ్మానాన్నలు చేయగలిగిన గొప్ప సాయం వినడం. పిల్లలు తమ వాదాన్ని మూడు నిమిషాల్లో తెలుగులో అమ్మమ్మకో తాతయ్యకో చెప్పాలి. నవల చదవని మనిషి ‘మరి అలాగైతే...’ అని అడిగే మొదటి ప్రశ్నే మీ అభ్యంతరం పేరా. మూడు నిమిషాల్లో తేలకపోతే వాదం ఇంకా ఉడకలేదు, ఇంగ్లిష్ ఎంత సాఫు చేసినా ప్రయోజనం లేదు.

చాట్‌బాట్‌తో రాయించుకునేవాళ్లకు ఒక మాట. ఎవరి తలతోనూ కాక తన తలతో ఆలోచించినందుకు దెబ్బలు తిన్న కుర్రాడి కథ ఇది. దాని మీద వ్యాసాన్ని యంత్రానికి అప్పగిస్తే పోయేది బహుమతి ఒక్కటే కాదు, ఈ పుస్తకం మీకు ఇవ్వగలిగిందంతా పోతుంది. మీరే రాశారనడానికి ఆధారం ఉంచుకోండి. గూగుల్ డాక్స్‌లో మొదటి పంక్తి నుంచి రాస్తే వెర్షన్ హిస్టరీ దానంతటదే నిలుస్తుంది. కార్డులు, రంగు గీతల కాపీ పారేయొద్దు.

పంపడం, ఆపైన డబ్బు

అతికించే పెట్టె అయితే ఇటాలిక్స్, పేరా ఎడం పోవచ్చు. అతికించాక పైనుంచి కిందిదాకా చదివి, పేరాల మధ్య ఖాళీ చూసుకోండి. పదాల లెక్క మీ డాక్యుమెంట్‌లో ఒకటి, వాళ్ల పెట్టెలో ఒకటి రావొచ్చు, అందుకే ఆ ముప్ఫై పదాల జాగా. నిర్ధారణ ఈమెయిల్ వచ్చేదాకా పని అయినట్టు కాదు. స్పామ్‌లో కూడా వెతకండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గెలిచారని చెప్పి ముందుగా ఫీజు కట్టమన్నా, ఓటీపీ అడిగినా అది మోసం.

నిజంగా గెలిస్తే రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. చదువుకే ఖర్చు పెట్టాలన్న షరతు లేని పోటీ బహుమతిని అమెరికా పన్ను చట్టం స్కాలర్‌షిప్‌గా చూడదు, ఆదాయంగా చూస్తుంది. అక్కడి నివాసులు ఆ ఏటి రిటర్నులో చూపాలి. అమెరికా బయటివాళ్లకు ఇచ్చే ముందు పన్ను పట్టుకునే అవకాశం ఉంది, కాబట్టి చేతికొచ్చే మొత్తాన్ని దాన్నిబట్టి లెక్క వేసుకోండి.

రెండోది, అమెరికాలో కాలేజీ ఆర్థిక సహాయం అందుకుంటున్నవాళ్లకు బయటి బహుమతి వస్తే కాలేజీ తానిచ్చే దాంట్లో అంత మేరకు తగ్గించే అవకాశం ఉంది. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఈమెయిల్ రాసి ఒక్క ప్రశ్న అడగండి: బయటి బహుమతి వస్తే ముందు అప్పు, వర్క్‌స్టడీ (చదువుకుంటూ పని చేసి సంపాదించుకునే సాయం) తగ్గిస్తారా, లేక గ్రాంటు (తిరిగి కట్టక్కర్లేని సాయం) తగ్గిస్తారా? అప్పు తగ్గితే మీకు లాభం. గ్రాంటు తగ్గుతుందంటే, చెక్కు ఏ సెమిస్టర్‌లో జమ చేయడం మేలో అదే ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.